చెయ్యికి అయిదు

చిక్కమ్మ చేసిన తప్పు ఒకటే. అయిదు చేపలు ఇవ్వాల్సిన చోట ఏడు ఇచ్చింది.

వేప్పనపల్లి సంతలో కరువాడు, అదే ఎండు చేప, అమ్మే మిగతా అందరూ తూకం వేసి అమ్ముతారు. చిక్కమ్మ ఒక్కతే ఎంచి ఇస్తుంది. ఎండిన మత్తి చేపలు అయిదు తీసి, తలలన్నీ మణికట్టు పక్కకి, తోకలన్నీ వేళ్ళ పక్కకి వచ్చేట్ల కొనేవాళ్ళ అరచేతిలో వరసగా పరుస్తుంది. వేలికొక చేప. దాన్నే ఒక చెయ్యి అంటారు. "నాకు రెండు చేతులియ్యి", "మా ఇంటికి మూడు" అని అడుగుతారు. ఎంచేటప్పుడు ఒకటి అనే మాట ఆమె నోట రాదు, లాభం అంటుంది. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు. చిక్కమ్మ అత్త అట్లే ఎంచేది. ఆ అత్తకి వాళ్ళత్త నేర్పించి ఉంటుంది.

ఆ సంత రోజు పొద్దున గోతం మూతి విప్పి, చెయ్యి లోపలికి పెట్టి మొదటి చేప బయటికి తీయంగానే చిక్కమ్మకి ఉసూరుమనింది. తన చేతి మీదనే పెట్టి చూసుకుంది. ఎప్పుడూ మణికట్టు కాడ తల పెడితే తోక నడివేలి గోరు దాటి బయటికి నిలిచేది. ఇది వేళ్ళ మొదట్లోనే నిలిచిపోయింది. ఇంకొకటి తీసింది. అదీ అంతే. గోతాన్ని పట్ట మీద కుమ్మరించి రెండు చేతులా కలబెట్టింది. పెద్దది అనేది ఒక్కటి లేదు. పోయిన నెల కూడా చిన్నవే వచ్చినాయి గానీ ఇంత అన్యాయంగా లేవు.

ఇవి అయిదు పెట్టి పంపాలంటే ఆమెకి చెయ్యి రాలేదు. కూర్చొని ఆలోచించింది. చిన్నవి కాబట్టి రెండు ఎక్కువ వేద్దాం. కొనేవాళ్ళకి నష్టం లేదు, వస్తే తనకే వస్తుంది. ఇంతకంటే ధర్మం ఏముంది?

ధర్మమంట. సంతలో ధర్మం చేసి చూడండి, మీకే తెలుస్తుంది.

మొదటి బేరం పాపక్కది. మామిడి తోపుల అవతల ఉండే గొర్రెలోళ్ళ ఇంటి మనిషి, ఇరవై ఏండ్లుగా చిక్కమ్మ తావ తప్ప ఇంకొకరి తావ చేప కొన్న మనిషి కాదు. సంతలో ముందు చిక్కమ్మ పక్కన కూర్చొని ఒక వక్క నమిలి, ఊళ్ళో ఎవరింట్లో ఏమి జరిగిందో చెప్పి, అప్పుడు చెయ్యి చాపేది. ఆ దినం కూర్చోలేదు.

"కోడలు ప్రసవమయింది చిక్కమ్మా. మగబిడ్డ. ఆరు దినాలాయె" అనింది నిలబడే.

"అట్లనా! రేణు బాగుందా? పాలు పడినాయా?"

"పాలే సరిగ్గా లేవు. అందుకే బిన్నా వచ్చినాను. వెల్లుల్లి వేసి కరువాటి పులుసు పెట్టాల. ఒక చెయ్యియ్యి."

చిక్కమ్మ ఎంచింది. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆపైన ఇంకొకటి, ఇంకొకటి. పాపక్క అరచేతిని చూసింది, చిక్కమ్మ మొహం చూసింది.

"ఏడు పెట్టినావు."

"చిన్నవి కదా పాపక్కా. అందుకే రెండు ఎక్కువ వేస్తా ఉన్నాను."

"అందరికీనా?"

"అందరికీ."

పాపక్క చెయ్యి ముడవలేదు, చేపల్ని సంచిలో వేసుకోలేదు. అట్లే నిలబడి ఉంది. ఆ మనిషి లోపల ఏమి తిరుగుతా ఉందో చిక్కమ్మకి తెలిసుంటే ఆ రెండు చేపల్నీ అప్పుడే లాక్కొని ఉండేది.

"ఏడిచ్చినా నీకు గిట్టుతుందా?"

"గిట్టేదేముందక్కా, ఏదో..."

"గిట్టకుండా ఎవరన్నా ఇస్తారా? అంటే ఏడు ఇయ్యగలిగినదానివి, ఇన్నేండ్లూ అయిదే ఇచ్చినావు." పాపక్క గొంతు పెరిగింది. "ఆ రెండూ యాడికి పోయినాయి చిక్కమ్మా? నువ్వే తినేసినావా?"

చిక్కమ్మకి వెంటనే మాట రాలేదు. అది పెద్ద పొరపాటు. సంతలో వెంటనే జవాబు చెప్పని మనిషి ఒప్పుకున్నట్లే లెక్క. మిరపకాయల ఆమె తల తిప్పి చూసింది. కొత్తిమీర కొంటున్న ఇద్దరు ఇటు వచ్చినారు. పసుపు చీర కట్టుకున్న ఒకామె, చిక్కమ్మకి పేరు కూడా తెలీదు, గబుక్కున అందుకుంది: "పెద్ద చేపలు ఏరి హోసూరు హోటళ్ళకి పంపిస్తుందంట. పిల్లచేపలు మన మొహాన కొడుతుంది."

"ఎవరమ్మా చెప్పింది నీకు? యాడ హోటలు? ఏ హోటలు?" చిక్కమ్మ లేచి నిలబడింది.

"ఎవరు చెబితే ఏమి? కండ్లు లేవా మాకు?"

పాపక్క హోటలు మాట అనలేదు, అది నిజం. కానీ ఆపలేదు కూడా. ఏడు చేపల్నీ సంచిలో వేసుకొని, ఇవ్వాల్సింది ఇచ్చి, వెనక్కి చూడకుండా నడిచి అవతల కుప్పం నుంచి కరువాడు తెచ్చి తూకానికి అమ్మే టెంపో కాడ నిలబడింది. ఆ టెంపోలో మైకు పొద్దున నుంచీ కిలో కిలో అని అరుస్తానే ఉంది. ఇరవై ఏండ్ల మనిషి పోయి ఆ వరసలో నిలబడింది చూడు, అది తగిలింది చిక్కమ్మకి. మిగతా వాళ్ళ మాటలు దులిపేసుకోవచ్చు.

సంత వేలం పాడుకున్న రామకృష్ణప్ప గలాటా విని వచ్చినాడు. చెడ్డ మనిషి కాదు, గలాటా అంటే భయం ఉన్న మనిషి.

"కాటా పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పినాను చిక్కమ్మా?"

"కాటాకి చేపేదో ఉప్పేదో తెలుస్తుందాప్పా? నేను ఎంచి ఇస్తే ఉప్పు నా గోతంలోనే ఉంటుంది. తూకమేస్తే వాళ్ళ సంచిలోకి పోతుంది. మోసం ఏది?"

"అదంతా నాకెందుకు? వచ్చే సంతకి కాటాతో రా. లేదంటే ఈ తావు ఆ టెంపో ఆయన అడుగుతా ఉన్నాడు, ఆయనకిస్తాను. నాకు ఈ తగాదాలు వద్దు తల్లీ." చేతులెత్తి మొక్కినట్ల చేసి పోయినాడు.

ఆ దినం గోతంలో మూడో వంతు కూడా పోలేదు. పొద్దు వాలకముందే మూతి కట్టేసి ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కొని, గోడకి ఒరిగి కూర్చుంది. ఒళ్ళు నొప్పి కాదు. ఏదీ చేయబుద్ధి కాలేదు. రాగి పిండి డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

కూతురు కలైసెల్వి ఫోన్ చేసింది. మూకండపల్లిలో నలుగురు ఆడపిల్లలతో కలిసి ఒక గదిలో ఉండి, కంపెనీలో వైర్లు అతికే పని చేస్తుంది. జరిగిందంతా విని, "ఛీ, వాళ్ళ మొహాలు మండ" అని తిట్టి, ఆపైన మెల్లగా చెప్పింది.

"అమ్మా, మా క్యాంటీన్‌లో గిన్నెలు కడిగేదానికి మనిషి కావాలంట. ఈ సోమవారం కాదు, పై సోమవారం నుంచి. నీ పేరు చెప్పి పెట్టినాను."

"నన్నడగకుండానా?"

"అడిగితే ఒప్పుకుంటావా? నీడలో పని. మధ్యాహ్నం అన్నం పెడతారు. ఎవరూ నిన్ను దొంగ అనరు."

"గిన్నెలు కడిగితే దొంగ అనరు. చేప అమ్మితే అంటారు. బాగుంది పో" అని ఫోన్ పెట్టేసింది చిక్కమ్మ. పెట్టేసినాక ఏడుపు వచ్చింది.

*

రెండు దినాలు ఆగి కృష్ణగిరి బస్సెక్కింది. ఆడోళ్ళకి టికెట్ లేని బస్సు కాబట్టి నిండా జనం. కిటికీ పక్క చోటు దొరికింది. కుందారపల్లి కాడ హైవే ఎక్కేదాకా దారి పొడుగునా ఒకటే ఆలోచన. తనకి గోతాలు అమ్మే ఆ ఓబయ్య పెద్ద చేపలు ఇవ్వడం లేదు. ఏరి దాచి, ఎవరికో ఇస్తున్నాడు. కాకపోతే ఉన్నట్టుండి చేపలన్నీ ఎట్ల చిన్నవైపోతాయి? అడుగుతాను, మొహం మీదనే అడుగుతాను అనుకుంటూ కూర్చుంది.

ఓబయ్య అంగడి పాత మార్కెట్ వెనక ఉంది. కరువాటి గోతాలు దూలందాకా పేర్చి, నడుమ మనిషి పట్టేంత సందు. ఓబయ్య ఆ సందులోనే స్టూలు వేసుకొని కూర్చుంటాడు. ఆ వాసనలోనే తింటాడు, ఆ వాసనలోనే కునుకు తీస్తాడు. చిక్కమ్మని చూసి స్టూలు ఇచ్చి, తను గోతం మీదికి మారినాడు.

"ఏమమ్మా, సంత కాకుండానే వచ్చినావు?"

"నాకు పెద్దవి కావాలప్పా."

"పెద్దవి యాడున్నాయి?"

"నువ్వు ఏరి పెట్టి ఉంటావు కదా, హోటళ్ళకో ఎవరికో. అందులోనుంచి ఇయ్యి. మంచి చేపలన్నీ వాళ్ళకి తోలి, పిల్లచేపలు మా మొహాన..."

అంతవరకూ అనేసి చిక్కమ్మ ఆగిపోయింది. పసుపు చీరామె అన్న మాటే తన నోట్లోనుంచి అక్షరం తప్పకుండా వస్తా ఉంది. సిగ్గుతో చెవులు కాలినాయి. ఓబయ్యకి అదేమీ తెలీదు. కోపగించుకోలేదు కూడా, నవ్వినాడు.

"నువ్వు ఈ వారంలో తొమ్మిదో మనిషివి. రా, చూపిస్తాను."

కొక్కెంతో ఒక గోతం లాగి మూతి కోసినాడు. మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి పిడికిలి తీసి ఆమె ఒళ్ళో పోసినాడు. చిన్నవి. రెండో గోతం, చిన్నవి. పైనున్న గోతం దించబోతే చిక్కమ్మ చెయ్యి పట్టుకొని ఆపింది.

"చాలప్పా. నేనేదో పిచ్చిదాన్ని."

"నా మాట నమ్మొద్దు. ఆ చెన్నమ్మ తావనే అడుగు" అని ఫోన్ తీసినాడు. మంగళూరు పక్క రేవులో చాపల మీద చేప ఆరబెట్టే మనిషంట, ఇరవై ఏండ్లుగా ఈ గోతాలు ఆమె చేతి మీదుగానే వస్తున్నాయి. చిక్కమ్మ ఎప్పుడూ మాటాడింది లేదు. ఫోన్ చేతిలో పెట్టేసరికి గాలి హోరు, కాకుల అరుపులు వినబడినాయి.

"ఎవరమ్మా?" అని కన్నడంలో అడిగింది అవతల మనిషి.

"మీ చేప అమ్ముకొని బతికేదాన్ని. కృష్ణగిరి పక్క." చిక్కమ్మకి కన్నడం బాగానే వస్తుంది. "చేప ఎందుకమ్మా చిన్నదైపోయింది? ఈడ నన్ను దొంగ అంటున్నారు."

కాకుల్ని ఒకసారి అదిలించింది చెన్నమ్మ. "ఈడ మమ్మల్ని కూడా అంటున్నారులే. సన్నకన్ను వల వేసి పిల్లల్ని పట్టుకొస్తున్నారని. ఏమని చెప్పేది? ఒక ఏడాది మత్తి అనేది కంటికి కనబడలేదు. ఆపైన వల నిండా పిల్లలు. మంచిది, ఎదుగుతాయిలే అనుకున్నాం. ఎదగలేదు. వానకాలంలో అడుగునుంచి చల్లనీళ్ళు పైకి లేస్తాయమ్మా మా సముద్రంలో. దాంతోబాటే చేపకి మేత వస్తుంది. నీళ్ళు పచ్చగా అయిపోతాయి, ఒడ్డున నిలబడితే తెలుస్తుంది. ఈసారి ఆ పచ్చదనం నాలుగు దినాలుండి పోయింది. నీళ్ళు వేడి. తినే నోళ్ళు నిండా, మేత రవంత."

"అయితే ఇవి పిల్లలేనా?"

"చదువుకున్నోళ్ళు వచ్చి స్కేలు పెట్టి కొలుచుకొని పోయినారు. పిల్లలు కావంట. వయసుకి వచ్చినవే, ఒళ్ళే రాలేదంట. నాకేమి తెలుసు. నా చేతికి వచ్చింది ఆరబెట్టేదే నా పని." అవతల ఎవరో పిలిచినారు. "కాకులొస్తా ఉన్నాయి, పెట్టేస్తానమ్మా" అనింది.

చిక్కమ్మ సగం నమ్మింది. సముద్రం ఆమె చూసింది లేదు. అడుగున నీళ్ళు పైకి లేచేదేమిటి, చేపకి మేత లేకపోయేదేమిటి? అంత నీళ్ళలో! ఫోన్‌లో ఎవరైనా ఏమైనా చెబుతారు. కానీ ఆ గొంతులో అలుపు మాత్రం అబద్ధం కాదు. అది తన గొంతు మాదిరే ఉంది.

ఓబయ్య ఒక గోతం తీసి ఆమె ముందు పెట్టినాడు. "ఇది తీసుకో. బహుశా ఇదే ఆఖరు."

"ఏమప్పా, అట్లంటావు?"

"ఇంత చిన్నవి ఆరబెడితే వాళ్ళకి కూలి కూడా రావడం లేదంట. పడవ పడవగా పొడి మిల్లుకి తోలేస్తున్నారు. కోళ్ళ మేతకి."

"మనుషులు తినేది కోళ్ళకా?"

"ఆ కోళ్ళని మనుషులు తింటారులే" అన్నాడు ఓబయ్య. నవ్వించాలని చూసినాడు గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు.

*

బిడ్డ పుట్టిన ఇంటికి ఒక చెయ్యి చేప ఊరికే ఇచ్చేది చిక్కమ్మ అత్త పెట్టిన మర్యాద. బాలింత చెయ్యి అంటారు దాన్ని. చుట్టుపక్కల పల్లెల్లో బిడ్డ పుట్టిందని తెలిస్తే చిక్కమ్మే నడిచి పోయి, గడప ముందర చాటలో అయిదు చేపలు పెట్టి వస్తుంది. ఆ ఇంటివాళ్ళు మంచోళ్ళా చెడ్డోళ్ళా అని చూసేది లేదు.

పాపక్క ఇంటికి పోవాలా వద్దా అని ఒక పూటంతా తనతోనే తను కొట్లాడింది. నన్ను నలుగురిలో దొంగను చేసిన మనిషి గడపకి నేను పోయేదా? పోను. ఆపైన, ఆ బిడ్డ ఏమి చేసింది? రేణు ఏమి చేసింది? పోను అనుకుంటూనే మంచివి ఏరింది. ఏరడానికి ఏముంది, అన్నీ ఒకటే కొలత. తల విరగనివి అయిదు తీసి, మళ్ళీ రెండు కలిపి, కాగితంలో చుట్టుకొని మామిడి తోపుల దారి పట్టింది.

పాపక్క ఇంటి ముందర చాటలో బియ్యం చెరుగుతా ఉంది. చిక్కమ్మని చూసి చెరగడం ఆపలేదు. ఆమె మొగుడు ఆంజప్ప దొడ్లో గొర్రెపిల్లలకి ఆకు వేస్తా ఉన్నాడు.

"రామ్మా చిక్కమ్మా" అన్నాడు ఆంజప్పే.

చిక్కమ్మ ఎప్పుడూ కూర్చునే అరుగు కింది మెట్టు మీద కూర్చుంది. "బాలింత చెయ్యి తెచ్చినాను" అని కాగితం ముందుకి జరిపింది.

అది వద్దనడానికి లేదు. పాపక్క బియ్యం ఇంకో చాటలోకి మార్చి, కాగితం విప్పి, చేపల్ని చూసింది. ఏడు. మొహం ఇంకా ముడుచుకుంది.

"అడిగినానా ఏడు?"

"నీకు కాదు, రేణుకి."

లోపల బిడ్డ సన్నగా ఏడ్చింది. పాల కోసం ఏడ్చే ఏడుపు వేరే, అది ఇద్దరికీ తెలుసు. పాపక్క కత్తిపీట తెచ్చుకొని చేపలు బాగు చేయడానికి కూర్చుంది. ఊరక కూర్చొని ఎదురెదురు చూసుకునేదానికంటే అదే మేలనుకుందేమో.

ఆంజప్ప ఆకు వేస్తానే అన్నాడు. "నీ తావ తెచ్చినవి ఈమె పట్టుదలకి ముట్టుకోకుండా ఉట్టి మీద పెట్టేసింది. ఆ టెంపో కరువాడు మూడుసార్లు కడిగినా ఉప్పు పోలేదు చిక్కమ్మా. పులుసు నోట పెట్టలేకపోయింది పిల్ల. కిలో తెస్తే అందులో సగం ఉప్పే."

"నువ్వు గమ్మునుండు" అనింది పాపక్క.

తల గిల్లి పారేసి, బొటనవేలు కడుపులో దూర్చి తోక దాకా లాగింది. పెద్ద మత్తి అయితే రేవులోనే కడుపు చీల్చి శుభ్రం చేసి ఆరబెడతారు, పాపక్కకి కడుపు బాగు చేసే పని ఎప్పుడూ లేదు. ఇవి చిన్నవని ఎవరూ చీల్చలేదు, ఉన్నవి ఉన్నట్లే ఎండిపోయినాయి. బొటనవేలికి గట్టిగా ఏదో తగిలింది. బయటికి తీసి చూసింది. పసుపుగా, గోరంత పొడుగు, ఎండి బిగుసుకుపోయి ఉంది. గోటితో గీరితే సన్నగా ఇసుక మాదిరి రాలింది.

రెండో చేప తీసుకుంది. దాంట్లో కూడా ఉంది. మూడో దాంట్లో లేదు. నాలుగో దాంట్లో ఉంది.

పాపక్క చెయ్యి ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇట్ల రా" అని పిలిచింది.

ఆంజప్ప చేతులు పంచెకి తుడుచుకొని వచ్చి వంగి చూసినాడు. అరచేతిలో వేసుకొని వేలితో తిప్పినాడు. నలభై ఏండ్లుగా గొర్రె నోట్లో పళ్ళు చూసి వయసు చెప్పే మనిషి. "గుడ్లు" అన్నాడు. "ఇది పిల్ల ఎట్లయితుంది? ఇది చూలుది."

"ఇంతుందే?"

"ఇంతుంటే? ఆ పెద్ద కరువులో మన నల్లగొర్రె మరిచిపోయినావా? రెండు పళ్ళు వేసింది, చూలు కట్టింది, చూసేదానికి పిల్లంత ఉండింది. కొనేదానికి వచ్చిన సాయిబు నువ్వు అబద్ధం చెబుతా ఉన్నావని నాతో గలాటాకి వచ్చె. నోరు తెరిచి పళ్ళు చూపిస్తే గానీ నమ్మలేదు."

పాపక్క చిక్కమ్మ వైపు చూసింది. అప్పుడు చెప్పింది చిక్కమ్మ, ఓబయ్య అంగడి సంగతి, ఫోన్‌లో చెన్నమ్మ చెప్పింది. తను సగమే నమ్మిన మాటలు ఇప్పుడు చెబుతా ఉంటే పూర్తిగా నిజమనిపించినాయి.

"నీళ్ళలో కూడా కరువా?" అనింది పాపక్క.

"కరువే అంట. మేత లేదంట."

మేత లేకపోవడం అంటే ఏమిటో ఆ వాకిట్లో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేదు. పాపక్క మిగిలిన చేపలు కూడా బాగు చేసింది. గుడ్లని పారేయకుండా, ఏరి వేరేగా ఒక ఆకులో పెట్టింది. లేచింది.

"రేణుకి పులుసు పెట్టాల" అని చాట తీసుకొని లోపలికి పోయింది.

అంతే. చిక్కమ్మ రవంతసేపు చూసింది. లోపల వెల్లుల్లి దంచే చప్పుడు వినబడింది. ఆంజప్ప మొహం ఎటో పెట్టుకొని "ఆమె అంతేలే అమ్మా" అన్నాడు. చిక్కమ్మ లేచి కొంగు దులుపుకొని తోపుల దారి పట్టింది. దారంతా కోపమే. ఒక్క మాట, పొరపాటయింది చిక్కమ్మా అని ఒక్క మాట అంటే ఆ మనిషి నోట్లో ముత్యాలు రాలిపోతాయా? నలుగురిలో నోరు పారేసుకునేదానికి గొంతు ఉంటుంది, ఒకరి ముందర తప్పు ఒప్పుకునేదానికి ఉండదు. ఇంటికి వచ్చి కలైసెల్వికి ఫోన్ చేసి, "ఆ సోమవారం వస్తాను, చెప్పు మీ క్యాంటీన్ ఆయనకి" అనింది.

*

ఆఖరు గోతం ఉంది కదా, పోయిన సంతలో మిగిలినవి కూడా దాంతో కలిపి అమ్మేసి పోదామని సంతకి పోయింది. కాటా తీసుకోలేదు. తన తావులో అప్పటికే టెంపో నిలిచి ఉంది, మైకు అరుస్తా ఉంది. రామకృష్ణప్ప ఆమెని చూసి, చూడనట్ల రసీదు పుస్తకంలో తల దూర్చినాడు. చిక్కమ్మ మురికి కాలువ పక్కన, మిరపకాయల ఆమెకి ఇవతల పట్ట పరుచుకొని కూర్చుంది.

ఏడే పెడతాను అనుకుంది. అయిదు పెడితే, చూడు, అడిగితే ఏడు, అడగకపోతే అయిదు అంటారు. ఏడు పెడితే దొంగ అంటారు. ఎట్ల పెట్టినా అనేవాళ్ళు అంటారు, తన చెయ్యికి ఏది న్యాయమనిపిస్తే అది పెట్టేదే. కానీ లాభం అనడానికి నోరు రాలేదు. ఊరకనే పెదాలు కదిలించి ఎంచుతా ఉంది. పొద్దెక్కేదాకా ముగ్గురే వచ్చినారు, అందులో ఒకామె ఊరికి కొత్త.

పాపక్క వచ్చింది. నేరుగా టెంపో కాడికే పోయింది. పో తల్లీ పో, అనుకుంది చిక్కమ్మ. కానీ పాపక్క ఆ వరసలో నిలబడలేదు. వరస పక్కగా, అందరూ చూసేట్ల నడిచి, కాలువ దాటి వచ్చి చిక్కమ్మ ముందర నిలబడింది.

"ఒక చెయ్యియ్యి."

చిక్కమ్మ తల ఎత్తకుండా అయిదు పరిచి, రెండు కలిపింది.

పాపక్క ఆ రెండూ తీసింది. వంగి, పట్ట మీద ఒక వారగా పెట్టింది.

"చెయ్యికి అయిదు వేళ్ళే కదా. అయిదే పెట్టు" అనింది. ఆ గొంతు చిన్నగా మాటాడే గొంతు కాదు, గొర్రెల్ని అవతలి గట్టు నుంచి పిలిచే గొంతు. టెంపో వరసలో తలలు తిరిగినాయి. పోయిన సంతలో హోటలు మాట అన్న పసుపు చీరామె కూడా ఆ వరసలో ఉంది.

పాపక్క ఒక చేప తీసి అందరికీ కనబడేట్ల కడుపు చీల్చింది. ఏమీ లేదు. "ఉండండి" అని ఇంకొకటి చీల్చింది. పసుపుగా బయటపడింది. "చూడండి. గుడ్లు. ఇది పిల్లచేపనా? చూలు చేప. మేత లేక ఒళ్ళు రాలేదు దీనికి. ఈమె ఏరి ఎవరికీ పంపలేదు. వచ్చిందే ఇది. నష్టానికి రెండు ఎక్కువ పెడతా ఉంటే, నేను..." చీల్చిన చేపని పట్ట మీద పెట్టి, అంతే గట్టిగా అనింది. "నేను పోయిన సంతలో తప్పు మాటాడినాను. ఈ మనిషి ఒక చేప కూడా తినలేదు."

అని, నిలబడి పోకుండా, చిక్కమ్మ పక్కన కాలువ వారన కూర్చొని సంచిలోనుంచి వక్క తీసింది.

చిక్కమ్మకి కండ్లలో నీళ్ళు తిరిగినాయి. కొంగుతో తుడుచుకొని, "కాలువ వాసనలో కూర్చుంటివే" అనింది.

"కరువాటి ముందర కూర్చొని కాలువ వాసనంటావు" అనింది పాపక్క.

"పాలు పడినాయా?"

"పడినాయి."

టెంపో వరసలోనుంచి ఒకరు, ఆపైన ఇద్దరు, ఇటు వచ్చినారు. చిక్కమ్మ చేప చేతికి తీసుకొని గొంతు సవరించుకుంది. "లాభం" అనింది. పైకి, అందరికీ వినబడేట్ల. కొందరు పాపక్కని చూసి అయిదే చాలన్నారు. కొందరు ఏడూ తీసుకొని గమ్మున పోయినారు. వాళ్ళని ఏమీ అనుకోలేదు చిక్కమ్మ, పిలకాయలు ఉన్న ఇండ్లు. మధ్యాహ్నానికి గోతం అడుగు కనబడింది. గోతాన్ని తిరగేసి దులిపితే ఉప్పు రాలింది.

రామకృష్ణప్ప వచ్చి నిలబడినాడు. తల గోక్కున్నాడు. "వచ్చే సంతకి నీ తావులోనే కూర్చో చిక్కమ్మా. టెంపో ఆయనకి నేను చెబుతాను."

"చేప ఉంటే కదప్పా కూర్చునేది."

"ఏమంటివి?" పాపక్క వక్క నమలడం ఆపింది.

"ఇదే ఆఖరు గోతం పాపక్కా. ఇంక ఆరబెట్టరంట. సోమవారం నుంచి నేను మూకండపల్లి పోతా ఉన్నాను, గిన్నెలు కడిగేదానికి."

పాపక్క చెయ్యి చాపి, తోమిన గిన్నె మాదిరి నడుమ ఖాళీ అయిన పట్ట మీద చిందిన ఉప్పుని ఒక పక్కకి ఊడ్చింది. ఇద్దరూ అట్లే కూర్చున్నారు, బస్సు వేళ దాకా. టెంపో మైకు మాత్రం అరుస్తానే ఉంది.

చిక్కమ్మ గోతం మడుస్తా ఉంటే పసుపు చీరామె వచ్చింది. పట్ట వైపు చూసింది. ఒక వారన రెండే చేపలు మిగిలి ఉన్నాయి, పాపక్క పొద్దున తీసి పెట్టినవి. వాటిని ఎవరికీ ఎంచి ఇవ్వలేదు చిక్కమ్మ.

"అయిపోయినాయా? ఆ రెండూ అయినా ఇయ్యమ్మా" అనింది ఆమె, మొహం అటు తిప్పుకొని.

చిక్కమ్మ ఆ రెండు చేపల్నీ తీసి తన అరచేతిలోనే పక్కపక్కన పెట్టుకుంది. మెల్లగా కాగితంలో చుట్టింది.

"ఇవి అమ్మేది కాదమ్మా" అనింది. "ఇవి నావి."